పెట్టె చెక్కతో ఇంటి సామాను: చేతి పనిలో ఉన్న బర్కత్

లింగంపల్లి, చందానగర్, మదీనాగూడ, హఫీజ్‌పేట ప్రాంతాల్లో నివసించే పాఠకులకు పాత సామాను దుకాణాల ముందు గుట్టలుగా పేర్చి ఉండే చెక్క పెట్టెలు కొత్త కాదు. రామచంద్రాపురంలో 1960వ దశకంలో భెల్ కర్మాగారం వెలసింది. దాని వెనుకే పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో హైటెక్ సిటీ మొదలయింది. ఆనాటి నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా భవనాలు లేస్తూనే ఉన్నాయి. ఆ భవనాలకు కావలసిన యంత్రాలు, ఏసీలు, లిఫ్టు సామగ్రి, అద్దాలు చెక్క పెట్టెల్లో, చెక్క ప్యాలెట్ల మీద వస్తాయి. సామాను లోపలికి వెళుతుంది, పెట్టె బయట మిగిలిపోతుంది. దాన్ని కొందరు పొయ్యిలోకి కొంటారు, కొందరు తూకానికి అమ్మేస్తారు, కొంత వానలో నాని మట్టిలో కలిసిపోతుంది.

అదే బస్తీల్లో మరో దృశ్యం కూడా మనం చూస్తున్నాం. ఆటో నడిపే తండ్రి, కుట్టుమిషను మీద సంపాదించే తల్లి కూతురి నికాహ్ కుదరగానే మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబులు, సోఫా సెట్టు కోసం అప్పు వెతుక్కుంటారు. ఆ అప్పు చాలాసార్లు వడ్డీ మీదే దొరుకుతుంది. పెళ్లి ఒక్క రోజులో అయిపోతుంది గాని, వాయిదాలు ఏళ్ల తరబడి నడుస్తాయి. మరోవైపు చదువుకునే పిల్లవాడికి రాసుకోవడానికి చిన్న బల్ల కూడా లేక నేల మీద పడుకుని రాస్తుంటాడు.

ఒకచోట మంచి చెక్క పొయ్యి పాలవుతోంది, మరోచోట చెక్క సామాను కోసం ఇల్లు అప్పుల పాలవుతోంది. ఈ రెండింటినీ దగ్గరకు చేర్చగలిగేది చేతి పని. ఈ వారం మేము పాఠకుల ముందుంచదలచిన విషయం ఇదే.

వడ్రంగానికి ఉన్న గౌరవం

మన సమాజంలో చేతి పని చేసేవారిని కాస్త తక్కువగా చూసే జబ్బు ఒకటి ఉంది. కుర్చీ మీద కూర్చునే ఉద్యోగికి సంబంధాలు వెతుక్కుంటూ వస్తాయి, కుర్చీ చేసే యువకుడికి రావు. ఈ దృష్టి ఇస్లాం నేర్పింది కాదు. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని సహీహ్ ముస్లిం హదీసు చెబుతోంది. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) రాజ్యం ఏలుతూ కూడా తన చేతుల కష్టంతోనే తినేవారని బుఖారీ గ్రంథంలో ఉంది. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) దైవాజ్ఞతో తన చేతులతో ఓడను నిర్మించారు. ఆ ఓడ ప్రస్తావనలో పలకలను, మేకులను కూడా దివ్య ఖుర్ఆన్ పేర్కొనడం గమనించదగ్గ విషయం.

మస్జిదె నబవీలో దైవప్రవక్త ముహమ్మద్ (స) ఖుత్బా ఇచ్చిన మింబర్ సంగతి చూడండి. మదీనా సమీపంలోని గాబా అనే అడవి ప్రాంతం నుంచి తెచ్చిన చెట్టు చెక్కతో దాన్ని చేశారు. చేసినవాడు ఒక అన్సారీ మహిళ వద్ద ఉండే సేవకుడు, వృత్తిరీత్యా వడ్రంగి. దానికి ఉన్నవి మూడే మెట్లు. నగిషీలు, ఆడంబరం ఏమీ లేవు. ప్రపంచ చరిత్రను మార్చిన ప్రసంగాలు ఆ మూడు మెట్ల సామాను మీది నుంచే వెలువడ్డాయి.

అబూ దావూద్ గ్రంథంలో మరో ఉల్లేఖనం ఉంది. సహాయం అడుగుతూ వచ్చిన ఒక అన్సారీ వ్యక్తిని, నీ ఇంట్లో ఏముందని దైవప్రవక్త (స) విచారించారు. ఒక ముతక దుప్పటి, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయని తెలిసి వాటిని తెప్పించి, సహచరుల మధ్య వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండో దిర్హముతో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి స్వయంగా తన శుభ హస్తాలతో కర్రపిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజులు కనిపించవద్దని పంపారు. తిరిగి వచ్చేనాటికి అతని చేతిలో పది దిర్హములు ఉన్నాయి. ఇంట్లో ఉన్న పాత వస్తువే పనిముట్టుగా మారింది, పనిముట్టు జీవనోపాధి అయింది. పాత పెట్టెల గురించి మేము రాయడానికి ఈ ఉల్లేఖనమే మాకు ధైర్యమిచ్చింది.

ఇది పేదల తంటా మాత్రమేనా?

పెట్టె చెక్కతో చేసిన సామాను అంటే చవకబారు పని అని కొందరు ముఖం చిట్లిస్తారు. అలాంటివారు రెండు ఉదాహరణలు తెలుసుకోవాలి. అమెరికాకు చెందిన లూయీస్ బ్రిగమ్ అనే మహిళ ఉత్తర ధ్రువానికి దగ్గరలో ఉన్న స్పిట్స్‌బెర్గెన్ దీవిలో, బొగ్గు గని శిబిరంలో కొంతకాలం గడిపారు. అక్కడ చెట్టూ లేదు, దుకాణమూ లేదు. సరుకులు వచ్చిన పెట్టెల చెక్కతోనే ఆమె ఇంటి సామాను తయారు చేసుకున్నారు. ఆ అనుభవంతో 1909లో పెట్టెలతో వంద రకాల సామాను ఎలా చేయాలో ఒక పుస్తకం ప్రచురించారు. తరువాత న్యూయార్క్ నగరంలో గ్రేసీ మాన్షన్ అనే భవనంలో పిల్లలకు ఈ పని నేర్పించారు. ఆ భవనమే 1942 నుంచి ఆ నగర మేయర్ల అధికార నివాసం అయింది.

రెండో ఉదాహరణ హాలెండుకు చెందిన గెరిట్ రీట్‌వెల్డ్. ఆయన వడ్రంగి కుమారుడు, పేరుపొందిన వాస్తుశిల్పి. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న 1934లో ఆయన మామూలు పెట్టె చెక్కతో ఒక కుర్చీ రూపొందించారు. దాన్ని విడి భాగాలుగా అమ్మేవారు, కొన్నవారు ఇంట్లో తామే బిగించుకునేవారు. అలాంటి కుర్చీలను నేడు మ్యూజియంలలో భద్రపరుస్తున్నారు. వస్తువు విలువ చెక్క ఖరీదులోనే కాక, చేసిన చేతి నేర్పులో కూడా ఉంటుందని ఈ రెండూ చెబుతున్నాయి.

ఏ చెక్క మంచిది?

ప్యాలెట్లకు, పెద్ద పెట్టెలకు ఎక్కువగా వాడేది పైన్ చెక్క. లేత పసుపు రంగు, అక్కడక్కడ గోధుమరంగు ముడులు, బరువు తక్కువ. కోయడం సులభం. అయితే టేకుతో దీనికి పోలిక లేదు. చెద త్వరగా పడుతుంది, తడికి ఉబ్బుతుంది. ఆపిల్ పండ్ల పెట్టెల చెక్క ఇంకా పలుచన. అది చిన్న అరలకు, ఆటవస్తువుల పెట్టెలకు సరిపోతుంది గాని బరువు మోయలేదు.

విదేశాల మధ్య తిరిగే చెక్క పెట్టెల మీద ఒక ముద్ర ఉంటుంది. చెక్కలో దాగిన పురుగులు ఒక దేశం నుంచి మరో దేశానికి పాకకుండా 2002లో ఏర్పరచిన అంతర్జాతీయ నిబంధన ప్రకారం వేసే ముద్ర అది. అందులో గోధుమ కంకి లాంటి బొమ్మ, దేశాన్ని సూచించే రెండు అక్షరాలు, ఒక సంఖ్య, చివర శుద్ధి చేసిన పద్ధతిని తెలిపే అక్షరాలు ఉంటాయి. 'హెచ్‌టీ' అని ఉంటే చెక్క లోపలి భాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగిలేలా కాచారని అర్థం. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించారని అర్థం. ఇంటికి, ముఖ్యంగా పిల్లల సామానుకు, వంటింటి అరలకు హెచ్‌టీ ముద్ర ఉన్న చెక్కనే ఎంచుకోవడం క్షేమం. ముద్ర ఉన్నా లేకున్నా నూనె మరకలు, ఘాటైన వాసన, బూజు ఉన్న చెక్కను తీసుకోవద్దు. ఆ పెట్టెలో ఏ మందు వచ్చిందో, ఏ రసాయనం ఒలికిందో మనకు తెలియదు కదా!

పారేసినట్టు ఉన్నదంతా మనది కాదు

ఇక్కడ ఒక ముఖ్య విషయం చెప్పకుండా ముందుకు సాగలేము. నిర్మాణం జరుగుతున్న భవనం వద్ద పడి ఉన్న పెట్టె చూడగానే, వాళ్లు ఎలాగూ పారేసేదే కదా అని రాత్రిపూట మోసుకొచ్చేవారు ఉన్నారు. యజమాని పారవేశాడని మనం అనుకోవడం వేరు, అతడు అనుమతించడం వేరు. దారిలో కనిపించిన ఒక్క ఖర్జూరపు పండును కూడా అది సదఖా పండేమోనన్న సందేహంతో తినకుండా వదిలేసిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది. కాపలాదారుకు పది రూపాయలు చేతిలో పెడితే అది యజమాని అనుమతి అయిపోదు. కంట్రాక్టరునో, స్టోరు గుమాస్తానో నేరుగా అడగండి. చాలామంది ఉచితంగానే ఇస్తారు, చోటు ఖాళీ అయిందని సంతోషిస్తారు కూడా.

పాల డెయిరీల ప్లాస్టిక్ పెట్టెల సంగతీ ఇంతే. అవి తిరిగి ఇచ్చేయవలసిన సొత్తు. తెల్లవారుజామున దుకాణం ముందు ఖాళీగా ఉన్నంత మాత్రాన అవి ఎవరివీ కాకుండా పోవు. వాటిని తెచ్చి ఇంట్లో పుస్తకాల అర చేసుకుంటే, ఆ అరలో ఏ పవిత్ర గ్రంథం పెట్టినా శోభించదు. అలాంటి సామాను కావాలంటే బజారులో చవకగా దొరికే ప్లాస్టిక్ బుట్టలు, డబ్బాలు కొనుక్కోవచ్చు.

ఇంట్లో చేసుకోదగ్గ రెండు వస్తువులు

మొదటిది తిపాయి. మదర్సాలో చదివినవారందరికీ ఇది పరిచయమే. నేల మీద కూర్చుని చదువుకునే పొట్టి బల్ల. పై పలకకు ఇరవై నాలుగు అంగుళాల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు చాలు. నాలుగు అంగుళాలకు కాస్త తక్కువ వెడల్పున్న ప్యాలెట్ చెక్కలు నాలుగింటిని పక్కపక్కన పేరిస్తే ఆ వెడల్పు వస్తుంది. వాటి అడుగున పదమూడు అంగుళాల పట్టీలు రెండు అడ్డంగా బిగించాలి. ఆ పట్టీలకు ఆనించి రెండు వైపులా పక్క పలకలు, వెనుక వైపు రెండు పక్కలనూ కలుపుతూ ఒక అడ్డపట్టీ. మొత్తం ఎత్తు పదకొండు అంగుళాలు ఉంటే పిల్లవాడి మోకాళ్లు బల్ల కింద ఇమిడిపోతాయి. వెనుక అడ్డపట్టీ లేకపోతే నెల రోజుల్లో బల్ల ఊగడం మొదలవుతుంది, దాన్ని మరువవద్దు.

రెండోది బుట్టల అల్మారా. చవకగా దొరికే ప్లాస్టిక్ బుట్టలే ఇందులో సొరుగులు. చెక్క చట్రం మాత్రం మనం చేసుకోవాలి. ముందు బుట్టలు కొని, తరువాతే చెక్క కోయాలి. ఉదాహరణకు బుట్ట అంచు మొత్తం వెడల్పు పన్నెండు అంగుళాలు, అంచు కింద ఒళ్లు పదకొండు అంగుళాలు అనుకుందాం. అప్పుడు రెండు పక్క పలకల మధ్య పన్నెండుంబావు అంగుళాల ఖాళీ ఉంచాలి. పలకల లోపలి వైపు అర అంగుళం మందమున్న పట్టీలు బిగిస్తే బుట్ట అంచు వాటి మీద ఆనుతుంది, బుట్ట సొరుగులా వచ్చిపోతుంది. బుట్ట లోతు ఎనిమిది అంగుళాలయితే ఒక్కో బుట్టకు తొమ్మిది అంగుళాల ఎత్తు వదలాలి. ఇలా మూడు బుట్టల అల్మారా పిల్లల బట్టలకు, కుట్టుపని సామానుకు హాయిగా సరిపోతుంది. పుస్తకాలు, బియ్యం వంటి బరువులు మాత్రం అంచు మీద వేలాడదీయవద్దు. వాటికి అడుగున పూర్తి పలక వేయాలి.

పనిలో కొన్ని మెలకువలు ఉన్నాయి. ప్యాలెట్ మేకులు మెలి తిరిగి ఉంటాయి. బలవంతంగా పెరికితే పలక చీలిపోతుంది. రెండు చెక్కల సందులో ఇనుము కోసే రంపపు బ్లేడు పెట్టి మేకునే కోసేయడం మేలు. మిగిలిన మేకు ముక్క ఒక్కటి చాలు, రందా పదును పాడు చేయడానికి. కాబట్టి చిత్రిక పట్టే ముందు అయస్కాంతంతో చెక్కంతా తడిమి చూడాలి. పలక చివర మేకు కొట్టాలంటే ముందు బరమాతో సన్నని బెజ్జం వేయాలి. వానలో తడిసిన చెక్కను కనీసం కొన్ని వారాలు నీడలో ఆరనివ్వాలి, లేకపోతే చేశాక వంకర పోతుంది. చెద భయానికి కాళ్ల కింద రబ్బరు ముక్కలు బిగించి, తడి గోడకు దూరంగా ఉంచాలి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అవిసె నూనె పూసిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయవద్దు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరచి ఆరబెట్టాలి.

ఇక రిహల్ సంగతి. అతుకు లేకుండా ఒకే పలకను చీల్చి, రెండు రెక్కలు ఒకదానిలో ఒకటి పెనవేసుకునేలా చేయడం నేర్పరి పని. ముడులున్న పెట్టె చెక్క దానికి పనికిరాదు, చీలే చోట విరిగిపోతుంది. అది ఉస్తాదులకే వదిలేద్దాం.

అమ్మేవారికి ఒక మాట

ఈ పని నేర్చినవారు ఇంటికి చేసుకోవడంతో ఆగరు, అమ్మకానికీ దిగుతారు. దిగాలి కూడా. కానీ ఇక్కడే పరీక్ష ఉంది. పైన్ చెక్కకు ముదురు రంగు వార్నిష్ పూస్తే టేకులా కనిపిస్తుంది. "ఉస్తాద్, ఇది టేకేనా?" అని కొనేవాడు అడుగుతాడు. "ఫికర్ చేయకండి భాయ్, నంబర్ వన్ మాల్!" అని జవాబు వస్తుంది. ఆ జవాబులో అబద్ధం ఒక్క ముక్క లేదు, కానీ మొత్తం జవాబే మోసం. రెండేళ్లకు చెద పట్టినప్పుడు కొన్నవాడు తలబాదుకుంటాడు.

ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసినదాన్ని జనం కంటికి కనిపించేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీశారు. మోసం చేసేవాడితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు. వార్నిష్ కింద దాచిన ముడి, పుట్టీతో కప్పిన చీలిక, టేకు పేరుతో అమ్మిన పైన్ చెక్క, ఇవన్నీ ఆ రాశి లోపలి తడి లాంటివే. ఇది పాత పెట్టె చెక్క, ఇంత కాలం వస్తుంది, ఇంత బరువు మోస్తుంది, ధర ఇంత అని చెప్పి అమ్మండి. లాభం ఒక పాలు తగ్గవచ్చు గాని, వచ్చిన ఖాతాదారు మరో ఇద్దరిని తీసుకొస్తాడు.

పని నేర్చుకోదలచిన యువకులకు ఐటీఐలలో కార్పెంటర్ కోర్సు ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తులలో వడ్రంగం కూడా ఒకటి. ఎంపికైనవారికి శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సహాయం ఆ పథకంలో పొందుపరిచారు. అందులోని రుణం మాత్రం ఐదు శాతం వడ్డీతో కూడినది. శిక్షణ, పనిముట్ల సహాయం వేరు, వడ్డీ రుణం వేరు అని గ్రహించి, రెండో దాని విషయంలో ధర్మవేత్తలను అడిగి నడుచుకోవడం మంచిది.

జహేజ్ సంగతి

ఇప్పుడు మొదట ప్రస్తావించిన తండ్రి దగ్గరకు వద్దాం. జగన్నాయకుని ముద్దుల కూతురు హజ్రత్ ఫాతిమా (రజి) అత్తవారింటికి తీసుకువెళ్లింది ఏమిటి? ఒక దుప్పటి, ఒక నీటి తిత్తి, సువాసన గడ్డి కూరిన ఒక తోలు దిండు. మహర్‌గా హజ్రత్ అలీ (రజి) ఇచ్చింది తన యుద్ధ కవచాన్ని. ఆ ఇంట్లో డ్రెస్సింగ్ టేబులు లేదు. కానీ హసన్, హుసైన్ (రజి) పెరిగింది ఆ ఇంట్లోనే.

దేశ చట్టం కూడా 1961 నుంచి వరకట్నాన్ని నిషేధించింది. మహర్‌ను ఆ చట్టం కట్నంగా లెక్కించదు. అడిగి తీసుకునే ఫర్నిచరును మాత్రం జహేజ్ అని పిలిచినా, తోహ్‌ఫా అని పిలిచినా చట్టం ముందు పేరు మారదు, అల్లాహ్ ముందు అసలే మారదు.

అందుచేత పెట్టె చెక్కతో సోఫా చేసి జహేజ్‌లో ఇవ్వండి అని మేము చెప్పడం లేదు. అలా చెబితే జబ్బును అలాగే ఉంచి మందు చవక చేసినట్టవుతుంది. మేము చెప్పేది పెళ్లికొడుకులకు. నాయనా, నీ ఇంటికి సామాను నువ్వు చేసుకో. నికాహ్ కుదిరిన తరువాత నాలుగు ఆదివారాలు కష్టపడితే తిపాయి, బుట్టల అల్మారా, ఒక పుస్తకాల అర నీ చేతులతోనే తయారవుతాయి. మామగారి అప్పుతో వచ్చిన మంచం మీద పడుకునేవాడి నిద్రలో ఎవరి కన్నీరో కలిసి ఉంటుంది. సొంత చేతులతో చేసిన బల్ల ముందు కూర్చునే భార్యకు భర్త మీద గౌరవం పెరుగుతుంది.

మహల్లా పెద్దలకు, మస్జిద్ కమిటీలకు కూడా ఒక మనవి. లింగంపల్లి చుట్టుపక్కల పెట్టె చెక్కకు కొదవ లేదు, పని తెలిసిన ఉస్తాదులూ ఉన్నారు. వేసవి సెలవుల్లో మక్తబ్ పిల్లలకు పదిహేను రోజులపాటు రంపం పట్టడం, మేకు కొట్టడం పెద్దల పర్యవేక్షణలో నేర్పించవచ్చు. మొదటి బ్యాచి చేతుల మీదుగా మస్జిద్‌కు చెప్పుల అర, మక్తబ్‌కు తిపాయిలు సిద్ధమవుతాయి. పదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్లలకు ఆ పదిహేను రోజులు ఒక వృత్తికి తలుపు తీయవచ్చు. తన చేతులతో చేసిన తిపాయి మీద ఖుర్ఆన్ చదివే పిల్లవాడు పనిని జీవితంలో ఎన్నడూ చిన్నచూపు చూడడు.

దుబారా చేసేవారిని దివ్య ఖుర్ఆన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో మనకు తెలియనిది కాదు. పనికొచ్చే చెక్కను కాల్చడం ఒక దుబారా అయితే, మోయలేని అప్పుతో గది నింపడం అంతకన్నా పెద్ద దుబారా. హలాల్ చెక్క, హలాల్ కష్టం, నిజాయితీగల మాట, ఈ మూడింటితో మన ఇళ్లను తీర్చిదిద్దుకునే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.